తలకు ‘రౌండ్ టూ’ ఉండదు

దసరా సెలవుల్లో ఒక రాత్రి. ఒంటిగంట దాటింది. నైట్ డ్యూటీలో ఉన్న నాకు క్యాజువాల్టీ నుంచి ఫోన్. ‘‘సార్, 11 ఏళ్ల బాబు. రాత్రి నుంచి వాంతులట. ఫుడ్ పాయిజనింగ్ అయి ఉంటుందంటున్నారు’’ అంది సిస్టర్. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. వాంతులు, విరేచనాలు, జ్వరాలంటే మాకే పిలుపొస్తుంది. మామూలే అనుకుంటూ వెళ్లాను.

బాబు స్ట్రెచర్ మీద ఉన్నాడు. ‘‘రాత్రి గారెలు నాలుగైదు తిన్నాడు సార్. పదింటికి కక్కాడు. పడలేదేమోనని ఓఆర్ఎస్ కలిపి పట్టాం. కాసేపటికి మళ్లీ కక్కి పడుకున్నాడు. ఇప్పుడు ఎంత లేపినా లేవట్లేదు’’ అంది తల్లి. పొట్ట మెత్తగా ఉంది. జ్వరం లేదు. విరేచనాలు లేవు. నాడి మాత్రం ఆ వయసు పిల్లాడికి ఉండాల్సినదానికన్నా నెమ్మదిగా కొట్టుకుంటోంది. టార్చి వేసి చూస్తే ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదిగా ఉంది. గారెలు పడకపోతే అలా జరగదు.

‘‘తలకేమైనా దెబ్బ తగిలిందా అమ్మా?’’

‘‘సాయంత్రం డాబా మీద జారిపడ్డానన్నాడు సార్. వెంటనే లేచి ఆడుకున్నాడు. అన్నం కూడా తిన్నాడు.’’

గుమ్మం దగ్గర 14 ఏళ్ల కుర్రాడొకడు గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. బాబు పెదనాన్న కొడుకట. పక్కకు తీసుకెళ్లి, ‘‘నిన్నెవరూ ఏమీ అనరు. ఆ పూచీ నాది. ఏం జరిగిందో చెప్పు నాన్నా’’ అన్నాను. ఏడుస్తూ చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ డాబా మీద ‘టెక్కెన్’ ఆడారు. పెద్దవాడు ఎగిరి తన్నాడు. చిన్నవాడి తల పిట్టగోడ అంచుకు కొట్టుకుంది. కొన్ని క్షణాలు కదల్లేదట. తర్వాత లేచి, నవ్వుతూ ‘‘రౌండ్ టూ’’ అన్నాడట. ఇంట్లో చెప్పకూడదని ఇద్దరూ ఒట్టు వేసుకున్నారు. ఎందుకంటే అంతకు వారం ముందే ఆ సిరీస్ చూస్తున్నారని తిట్లు తిన్నారు. ఫోన్లు కూడా లాగేసుకున్నారు.

సీటీ స్కాన్‌లో పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం పేరుకుని కనిపించింది. 108లో బోధనాసుపత్రికి పంపాం. తెల్లవారేలోపు న్యూరోసర్జన్లు ఆపరేషన్ చేసి రక్తం గడ్డ తీశారు. బాబు బతికాడు, కోలుకున్నాడు. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. మార్చనిది ఒక్కటే: ఆ పిల్లాడికి ప్రమాదం తెచ్చింది దెబ్బ ఒక్కటే కాదు, దెబ్బ గురించి దాచిన ఏడెనిమిది గంటలు కూడా.

మర్నాడు ఇంటికెళ్లగానే నేను చేయబోయిన పని నెట్‌ఫ్లిక్స్ తీసేయడం. మా అబ్బాయికి 12 ఏళ్లు. వాడూ ఆ సిరీస్ చూస్తున్నాడని నాకు తెలుసు. నెల కిందట నేనే వద్దన్నాను. వాడు స్నేహితుడి ఇంట్లో చూశాడు. అంటే నా ‘వద్దు’ వల్ల వాడు సిరీస్ మానలేదు. నాకు చెప్పడం మానేశాడు. ఆ రాత్రి వరండాలో ఏడ్చిన కుర్రాడికీ మా వాడికీ తేడా ఏముంది?

అందుకే తీసేయకుండా, ఆదివారం వాడి పక్కన కూర్చుని మొత్తం చూశాను.

ఏమిటీ టెక్కెన్?

ఆ పేరు వినని తల్లిదండ్రుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. టెక్కెన్ అంటే జపనీస్‌లో ఇనుప పిడికిలి. 1994లో నామ్‌కో సంస్థ తెచ్చిన ఫైటింగ్ వీడియో గేమ్ అది. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు... ఒక్కో అవయవానికి ఒక్కో బటన్. తెర పైన ఇద్దరికీ చెరో పట్టీ ఉంటుంది. అదే వాళ్ల ప్రాణం. దెబ్బ తగిలిన కొద్దీ పట్టీ తరుగుతుంది. పూర్తిగా తరిగిపోతే ఆ రౌండ్ ఓడిపోయినట్టే. తర్వాతి రౌండ్ మొదలవగానే రెండు పట్టీలూ మళ్లీ నిండిపోతాయి. పడినవాడు ఏమీ జరగనట్టు లేచి నిలబడతాడు.

ఆ గేమ్ ఆధారంగా 2022 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన యానిమేషన్ సిరీస్ ‘టెక్కెన్: బ్లడ్‌లైన్’. ఆరే ఎపిసోడ్లు. కథ ఎక్కువగా ‘టెక్కెన్ 3’ గేమ్‌లోది. జిన్ కజామా అనే కుర్రాడికి తల్లి జున్ తమ కుటుంబపు ఆత్మరక్షణ విద్య నేర్పుతుంది. ఓగర్ అనే భయంకర శక్తి వచ్చి అతనికి ఉన్నదంతా నాశనం చేస్తుంది. జిన్ పగ తీర్చుకోవడానికి తాత హెయిహాచి మిషిమా దగ్గరికి వెళ్తాడు. నాలుగేళ్లు కఠినమైన శిక్షణ. ఆ తర్వాత ప్రపంచ స్థాయి పోటీ. చివరికి సొంత తాతే మనవణ్ని తుపాకీతో కాలుస్తాడు. జిన్ అప్పుడు కూడా లేస్తాడు, తన రక్తంలో దాగి ఉన్న దెయ్యపు శక్తితో.

న్యాయంగా చెప్పాలంటే కథ బాగుంది. తల్లి నేర్పింది కాపాడుకోవడానికి, కాపాడటానికి పనికొచ్చే విద్య. తాత నేర్పింది గెలవడానికే పనికొచ్చే విద్య. ఏది మిగుల్చుకోవాలో తెలియక పిల్లాడు నలిగిపోతాడు. మా వాడు ఆ సంగతి నాకన్నా బాగా పట్టుకున్నాడు. ‘‘తాత బలం నేర్పాడు కానీ ప్రేమించలేదు నాన్నా’’ అన్నాడు. ఇలాంటివి చూస్తే పిల్లలు చెడిపోతారని ఒక్కమాటలో కొట్టిపారేయడం నాకు ఇక కుదరలేదు.

కానీ డాక్టర్‌గా చూస్తుంటే ఒకటి గుచ్చుకుంది. పిడికిలి తగిలిన చోటల్లా, అచ్చం గేమ్‌లోలాగే, మెరుపు మెరుస్తుంది. మనిషి ఎగిరిపడతాడు, గోడకు గుద్దుకుంటాడు, లేస్తాడు. తలకు తన్ను తగులుతుంది, లేస్తాడు. ఒక్కడికీ మర్నాడు తలనొప్పి ఉండదు. ఒక్కడూ అడిగిందే మళ్లీ మళ్లీ అడగడు, నడుస్తూ తూలడు. దెబ్బ కనిపిస్తుంది, దాని ఫలితం కనిపించదు. నా ఫిర్యాదంతా ఆ ఒక్క విషయం మీదే.

రక్తం తీసేస్తే సరిపోతుందా?

పిల్లల కార్టూన్ల విషయంలో పెద్దల భయం ఎప్పుడూ రక్తం చుట్టూనే తిరిగింది. 1992లో అమెరికాలో ‘మోర్టల్ కొంబాట్’ అనే ఫైటింగ్ గేమ్ వచ్చింది. విపరీతమైన రక్తపాతం. మరుసటి ఏడాది నింటెండో మెషీన్ కోసం తయారైన రూపంలో ఎర్ర రక్తాన్ని తీసేసి, చెమటలా కనిపించే బూడిద రంగు చుక్కలు పెట్టారు. 1993 డిసెంబరులో ఇలాంటి గేముల మీద అమెరికా సెనేట్ విచారణ జరిపింది. ఫలితంగా 1994లో గేములకు వయసు రేటింగులు ఇచ్చే సంస్థ ఏర్పడింది. 1996లో అదే గేమ్ ఆధారంగా టీవీలో 13 ఎపిసోడ్ల కార్టూన్ సిరీస్ వచ్చింది. గేమ్‌లోని ఆ రక్తపాతాన్ని అందులో తీసేశారు. కొట్లాటలు మాత్రం ఉంచారు.

అలా చేస్తే పిల్లలకు తగినట్టు అయిందని పెద్దలు ఊపిరి పీల్చుకుంటారు. నా అనుభవం వేరు. రక్తం చూసిన పిల్లాడు కనీసం భయపడతాడు. రక్తం లేని దెబ్బ చూసిన పిల్లాడు, దెబ్బంటే అంతేనేమో అనుకుంటాడు. తలకు తగిలే ప్రమాదకరమైన దెబ్బల్లో చాలావాటికి బయట చుక్క రక్తం కూడా ఉండదు. ఆ బాబు తల మీద బొప్పి తప్ప ఇంకేమీ లేదు. తెర మీదా రక్తం లేదు, డాబా మీదా లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

కార్టూన్ చూసి పిల్లలు కొట్టుకుంటారా?

చాలామంది నన్ను అడిగేది ఇదే. రెండు వైపులా చెబుతాను.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా బృందం 1963లో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. నర్సరీ పిల్లల్లో కొందరికి ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మను చితక్కొట్టడం నేరుగా చూపించారు. కొందరికి అదే సినిమాగా చూపించారు. ఇంకొందరికి నల్లపిల్లి వేషంలో ఉన్న మనిషి కొట్టినట్టు కార్టూన్‌లా చూపించారు. తర్వాత ఆ పిల్లల్ని బొమ్మల గదిలో వదిలితే, ఏమీ చూడనివాళ్లకన్నా ఈ మూడు గుంపుల పిల్లలూ బొమ్మ మీద ఎక్కువగా చెయ్యి చేసుకున్నారు. పిల్లి కొట్టినా, మనిషి కొట్టినా నేర్చుకున్నారన్నమాట.

రెండోవైపు, బొమ్మను కొట్టడం వేరు, మనిషిని కొట్టడం వేరు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన వైఖరిని మళ్లీ స్పష్టం చేసింది. హింసాత్మక గేములకూ, అరవడం, నెట్టడం లాంటి దూకుడుకూ కొద్దిపాటి సంబంధం కనిపిస్తోంది కానీ, ఘోరమైన హింసకు అవే కారణమనడానికి తగిన ఆధారాలు లేవని చెప్పింది. నేనూ అంతే అంటాను. టెక్కెన్ చూసిన పిల్లాడు రౌడీ అయిపోడు. ఆ రాత్రి వచ్చిన అన్నదమ్ములకు ఒకరంటే ఒకరికి ప్రాణం. పగతో తన్నుకోలేదు వాళ్లు, ఆడుకున్నారు. ఆటలో పడినవాడు లేస్తాడని నమ్మారు. సమస్య కోపంలో లేదు, ఆ నమ్మకంలో ఉంది.

మన చిన్నప్పుడు సినిమా ఫైట్లు చూసి మనం మాత్రం ఆడుకోలేదా అంటారు. ఆడుకున్నాం. అప్పుడు దెబ్బలు తగిలినవాళ్లలో అందరూ బాగానే ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. బాగున్నవాళ్లం కాబట్టే ఇవాళ ఈ మాట అనగలుగుతున్నాం.

నిజమైన బరిలో ఏం జరుగుతుంది?

పిల్లలకు ఈ కథ చెప్పండి, ఆసక్తిగా వింటారు. టోక్యో ఒలింపిక్స్, 2021 ఆగస్టు 7. పురుషుల కరాటే, 75 కిలోలపై విభాగం ఫైనల్. సౌదీ అరేబియా క్రీడాకారుడు తారెగ్ హమెది 4-1తో ముందున్నాడు. ఇంతలో అతను కొట్టిన హై కిక్ ఇరాన్ క్రీడాకారుడు సజాద్ గంజ్‌జాదేకు తల భాగంలో బలంగా తగిలింది. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. స్వర్ణం ఎవరికి వచ్చింది? పడిపోయినవాడికి. హద్దు మీరి బలంగా కొట్టినందుకు హమెదిని డిస్‌క్వాలిఫై చేశారు. టెక్కెన్‌లో అదే కిక్‌కు ‘కేఓ’ అని తెర మెరిసిపోయేది. అసలు కరాటేలో అది తప్పు.

బాక్సింగ్‌లో నాకౌట్ అనుమతే. అక్కడ కూడా నాకౌట్ అయిన బాక్సర్‌ను వారాల తరబడి బరిలోకి రానివ్వరు. టైక్వాండోలో తలకు కిక్ కొడితే పాయింట్లు ఉన్నాయి, అందుకే ఆడేవాళ్లు హెడ్ గార్డ్ పెట్టుకుంటారు. తలకు పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్లు కొన్నేళ్లకు తూలుతూ, తడబడుతూ మారిపోవడం గురించి అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే వైద్య పత్రికలో రాశారు. దాదాపు వందేళ్ల కిందటి మాట అది. నిజమైన యోధులకు తెలిసిన ఈ సంగతే కార్టూన్ యోధుడు మన పిల్లలకు చెప్పడు.

తల లోపల ఏమవుతుంది?

గడ్డ పెరుగున్న కుండను ఒక్కసారి గట్టిగా కుదిపి ఆపండి. కుండకు బీట పడదు. లోపలి పెరుగు మాత్రం చెదిరిపోతుంది. మెదడు కూడా అంతే మెత్తన. పుర్రె లోపల నీటిలాంటి ద్రవంలో ఉంటుంది. తల గోడకు తగిలి ఆగినా లోపలి మెదడు వెంటనే ఆగదు. ఆ కుదుపుకు కొంతసేపు మెదడు పని గాడి తప్పుతుంది. దీన్నే కంకషన్ అంటాం. స్పృహ తప్పాలనేమీ లేదు. తలనొప్పి, మసక చూపు, తికమక, చిరాకు, వెలుతురు చూడలేకపోవడం లాంటివి ఉంటాయి. స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. అయినా మెదడుకు విశ్రాంతి కావాలి. అది కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే, అరుదుగానైనా, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఎక్కువగా కనిపించేది టీనేజీ పిల్లల్లో, యువ క్రీడాకారుల్లో. ‘రౌండ్ టూ’ అనే మాట వింటే నాకు భయం వేసేది అందుకే.

రెండోది ఆ బాబుకు జరిగింది. కణత దగ్గర పుర్రె ఎముక పలచగా ఉంటుంది. దానికి లోపలివైపు ఒక ధమని ఉంటుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే రక్తం కొద్దికొద్దిగా పేరుకుంటుంది. మొదట్లో పిల్లాడు లేస్తాడు, మాట్లాడతాడు, ఆడతాడు, తింటాడు. గంటలు గడిచాక, రక్తం మెదడును నొక్కే స్థాయికి చేరాక, వాంతులు, మగత, ఆపై స్పృహ తప్పడం. మధ్యలో ఉన్న ఆ ‘బాగున్న సమయం’ అందరినీ మోసం చేస్తుంది. చూడటానికి అది అచ్చం కార్టూన్‌లో హీరో లేచినట్టే ఉంటుంది.

ప్రమాదం తలకే పరిమితం కాదు. పొట్ట మీద తన్ను తగిలితే ప్లీహం చిట్లి లోపల రక్తం కారవచ్చు. మెడను మోచేత్తో బిగించి పట్టే ఆట కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పిస్తుంది. ఈ రెండూ పిల్లలకు ముందే చెప్పాలి: తల, మెడ, పొట్ట మీద ఆట వద్దు.

దెబ్బ తగిలితే ఏం చూడాలి?

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఆగకండి. 108కి ఫోన్ చేయండి, లేదా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

• కొద్ది క్షణాలైనా స్పృహ తప్పడం
• ఒకటికి రెండుసార్లు వాంతి
• అంతకంతకూ పెరిగే తలనొప్పి
• ఫిట్స్
• మాట తడబడటం, తూలడం, ఒక చెయ్యి లేదా కాలు బలహీనపడటం
• కంటిపాపలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా ఉండటం
• ముక్కు లేదా చెవి నుంచి రక్తం, నీళ్లలాంటి ద్రవం కారడం
• లేపితే సరిగా లేవకపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం

‘బొప్పి కట్టిందిగా, దెబ్బ బయటికి వచ్చేసినట్టే’ అనే మాట తరచూ వింటాను. బొప్పి చర్మం కింది సంగతే చెబుతుంది, పుర్రె లోపలి సంగతి చెప్పదు. తలకు నూనె పెట్టి మర్దనా చేయకండి. మగతగా ఉన్న పిల్లాడికి నీళ్లు, ఓఆర్ఎస్ పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నొప్పికి ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ లాంటివి మీ అంతట మీరు ఇవ్వకండి. మెడ నొప్పి అంటుంటే లేపి కూర్చోబెట్టకండి, కదపకుండా సాయం కోసం చూడండి.

అలాగని తలకు తగిలిన ప్రతి చిన్న దెబ్బకూ స్కాన్ అక్కర్లేదు. సీటీలో రేడియేషన్ ఉంటుంది. అవసరమా కాదా అన్నది పరీక్ష చేసిన డాక్టరు చెబుతారు. ఏమీ లేదని ఇంటికి పంపినా 24 గంటలు ఒక పెద్దవాళ్లు దగ్గరుండి గమనించాలి. డాక్టరు చూశాక పిల్లాణ్ని నిద్రపోనివ్వచ్చు. రాత్రి మధ్యలో లేపి చూడమని చెబితే లేపి చూడండి.

కంకషన్ అని చెబితే మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. ఆ రెండు రోజులూ ఫోను, టీవీ, గేములు బాగా తగ్గించాలి. అప్పుడు టెక్కెన్ ఆపమనండి, అది శిక్ష కాదు, మందు. ఆ తర్వాత మెల్లగా చదువు. ఆటలు అన్నిటికన్నా చివర, డాక్టరు సరేనన్నాకే.

మరి సిరీస్ సంగతి?

అది పసిపిల్లల కోసం తీసింది కాదు. మన దేశంలో 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ కార్యక్రమాలకు వయసు రేటింగ్ ఉండాలి. యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని ఐదు రకాలు. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం కూడా ఇవ్వాలి. బొమ్మలు కనిపిస్తే చాలు పిల్లలవే అనుకుని రిమోట్ ఇచ్చేస్తున్నాం. మొదలుపెట్టేముందు ఆ రేటింగ్ చూడండి. చిన్నపిల్లల ప్రొఫైల్ విడిగా పెట్టండి. ఏడెనిమిదేళ్ల వాడికైతే నేను కూడా వద్దనే అంటాను.

పది పన్నెండేళ్లు దాటినవాళ్ల విషయంలో మాత్రం నిషేధం మీద నాకు నమ్మకం పోయింది. మన ఇంట్లో ఆపితే పక్కింట్లో చూస్తారు. పక్కన కూర్చోండి. మీకూ ఆ కథ తెలియాలి, ఆ పేర్లు తెలియాలి. ఏదైనా పెద్ద దెబ్బ తగిలిన చోట ఆపి, ‘‘నిజంగా అయితే ఇప్పుడు వీడికి ఏమై ఉండాలి?’’ అని అడగండి. మా వాడికి మొదట చిరాకేసింది. మూడో ఎపిసోడ్‌కి వాడే, ‘‘ఇక్కడ కంకషన్ ఖాయం నాన్నా, రెండు రోజులు రెస్ట్’’ అని నవ్వాడు. వాడి సరదా తగ్గలేదు. దెబ్బకు ఫలితం ఉంటుందన్న సంగతి మాత్రం బుర్రకెక్కింది.

పిల్లలకు ఆ విద్య మీద నిజంగా మోజుంటే మంచి కరాటే, జూడో, టైక్వాండో క్లాసులో చేర్చండి. మాస్టారు జూడో మొదట నేర్పేది కొట్టడం కాదు, దెబ్బ తగలకుండా ఎలా పడాలో. కరాటేలో నేర్పేది ఎంత బలంగా కొట్టాలో కాదు, ఎక్కడ ఆపాలో. జిన్‌కు తల్లి నేర్పాలనుకున్నదీ దాదాపు అదే. క్లాసులో చేర్చేముందు పరుపులు, హెడ్ గార్డులు ఉన్నాయా, దెబ్బ తగిలిన పిల్లాణ్ని ఆ రోజు పక్కన కూర్చోబెడతారా అని అడగండి. ‘ఆ మాత్రం దెబ్బలకే భయపడితే ఎలా’ అనే మాస్టారైతే వేరే క్లాసు చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివర్లో చెబుతున్నాను. ఆ బాబు తల్లి తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు నన్ను ఒకటే అడిగింది. ‘‘నేను తిట్టి ఉండకపోతే చెప్పేవాడా సార్?’’ ఏం చెప్పను? ‘‘మీ తప్పేం లేదమ్మా’’ అన్నాను. డాక్టర్‌గా ఆ మాట నిజమే. ఏ తల్లీ పిల్లాడు దాచాలని తిట్టదు. కానీ ఇద్దరు పిల్లలు, తలకు దెబ్బ తగిలిన ఆ సాయంత్రం, దెబ్బకన్నా మనకే ఎక్కువ భయపడ్డారు. నేను కూడా ఒక తండ్రినే కాబట్టి ఆ సంగతి నాకు మింగుడు పడదు.

సిరీస్ చూడనివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇంటికో పద్ధతి. ఒక మాట మాత్రం ఈ రోజే పిల్లలకు చెప్పండి: ‘‘ఏం ఆడుతుంటే తగిలినా సరే, ఎవరి తప్పయినా సరే, తలకు దెబ్బ తగిలితే వెంటనే వచ్చి చెప్పు. ఆ రోజు తిట్టను.’’ ఆ తర్వాత ఒకరోజు వాడు నిజంగానే వచ్చి చెబుతాడు. అప్పుడు తిట్టకండి. తల చూడండి, కళ్లు చూడండి, అవసరమైతే మా దగ్గరికి తీసుకురండి.